‘మనకెందుకే అంత పెద్ద చదువులు’ అంటోంది అమ్మ

మార్కాపురం వైపు ఒక పల్లె నుంచి పదో తరగతి అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. గీతల నోటుపుస్తకంలోంచి చింపిన ఏడు కాగితాలు, రెండు వైపులా. పేరూ ఊరూ వేయొద్దని రెండుచోట్ల గీత గీసి మరీ రాసింది కాబట్టి వేయడం లేదు. మొత్తం అచ్చు వేసే చోటు లేక సారాంశం చెబుతున్నాను.

జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతోంది. నాన్న పలకల ఫ్యాక్టరీలో కూలి. అక్కడ పని లేని నెలల్లో వేరేవాళ్ల ట్రాక్టర్ తోలతాడు. అమ్మ మిరప కోతలకు వెళ్తుంది. అక్కకు ఇంటర్ పరీక్షలైన నెలకే పెళ్లి చేశారు. ఇంట్లో పదో తరగతి దాటిన మనిషి ఆ అక్క ఒక్కతే, ఆమె ఇప్పుడు అత్తగారింట్లో ఉంది. ఎనిమిదో తరగతిలో బడిలో ఇచ్చిన ట్యాబ్ గ్లాసు పగిలి ఏడాది దాటింది. రాత్రి తొమ్మిది తర్వాత నాన్న ఫోన్లో ఆ రోజు డేటా ఏమైనా మిగిలితే అరగంట చూసుకుంటుంది. అలా చూసిన ఒక వీడియోలోనే లెక్కల ఒలింపియాడ్ అనేది ఒకటుందని, లెక్కల కోసమే చదివే కోర్సులు కలకత్తాలో, బెంగళూరులో, చెన్నైలో ఉన్నాయని తెలిసింది. లెక్కలే తన ఉద్యోగం కావాలని, అందుకు కలకత్తాలో చేరాలని ఆమె కోరిక.

మిగతాది ఆమె మాటల్లోనే కొంత: “ఒకరోజు ఊరికే 358 పక్కన మళ్లీ 358 రాశాను మేడమ్. 358358. ఏడుతో భాగిస్తే శేషం రాలేదు. పదకొండుతో చూశా, రాలేదు. పదమూడుతో చూశా, రాలేదు. వేరే మూడంకెల సంఖ్యలు తీసుకున్నా. అన్నిటికీ అంతే. రెండు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. మూడో రోజు పొద్దున కసువు ఊడుస్తుంటే తెలిసింది. అలా పక్కపక్కన రాయడమంటే 1001తో గుణించడమే. 1001 అంటే ఏడు పదకొండ్లు పదమూళ్లు. పరిగెత్తుకుంటూ వెళ్లి సార్‌కి చూపించాను. ‘ఇది సిలబస్‌లో లేదు కదమ్మా, ముందు నీ పబ్లిక్ సంగతి చూసుకో’ అన్నారు. క్లాసంతా నవ్వారు. అప్పట్నుంచి నన్ను శకుంతలాదేవి అని పిలుస్తున్నారు.”

హెడ్మాస్టరు గారేమో ఐదు వందల తొంభై తెచ్చుకుని ట్రిపుల్ ఐటీలో సీటు కొట్టమంటున్నారు. నాన్నదీ అదే మాట. ఈలోపు ఒక ప్రైవేటు కాలేజీ మనిషి ఇంటికొచ్చి, మీ అమ్మాయికి సగం ఫీజే తీసుకుంటామని కార్డు ఇచ్చి వెళ్లాడు. ‘మనకెందుకే అంత పెద్ద చదువులు, ఊళ్లోవాళ్లతో పాటు మనమూ’ అంటుంది అమ్మ. నాయనమ్మ పెళ్లి మాట ఎత్తుతోంది. చివరి పేజీలో మూడు ప్రశ్నలు వేసింది ఈ అమ్మాయి. ఎవరి సపోర్టూ లేకుండా ఇంత పెద్ద కోరిక పెట్టుకోవడం తప్పా? అమ్మ ఎండలో కోతకు పోతుంటే నేను నీడన కూర్చుని లెక్కలు చేసుకోవడం స్వార్థమా? పది తర్వాత ఎక్కడ చేరాలి?

అమ్మాయ్,

ముందు 1001 సంగతి. నీ ఉత్తరం బస్సులో చదివాను. టికెట్ వెనక 358358 రాసుకుని ఏడుతో భాగించి చూసుకుని, నాలో నేను నవ్వుకున్నాను. జిల్లా పరిషత్ బళ్లలో ఇరవై ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ఏదో ఒక వింత కనబడటం చాలామంది పిల్లలకు జరుగుతుంది. అది నిజమా కాదా అని వేరే సంఖ్యలతో పరీక్షించడం కొందరు చేస్తారు. ‘ఎందుకు’ అని రెండు రోజులు పట్టుకు వేలాడి, కారణం దొరికేదాకా వదలకపోవడం మాత్రం నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిలో చూశాను. నువ్వు కావాలనుకుంటున్న ఉద్యోగంలో రోజూ చేసేది ఈ పనే. కోరిక పెద్దదా అని అడిగావు. పెద్దదే. నీకు తగనిది మాత్రం కాదు.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. మీ సార్ అన్న మాట నేనూ అన్నాను. చాలా ఏళ్ల కిందట ఏడో తరగతి పిల్లవాడొకడు మైనస్ ఇంటు మైనస్ ప్లస్ ఎందుకవుతుంది టీచర్ అని అడిగాడు. ‘రూలు అంతే, రాసుకో’ అన్నాను. వాడు ఆ ఏడాది మళ్లీ ఏమీ అడగలేదు. ఆ వారం ఇన్‌స్పెక్షన్ ఉంది, రెండు పాఠాలు వెనకబడి ఉన్నాను. అది సాకే అనుకో. అయినా మీ సార్‌ని చెడ్డవాడి కింద జమకట్టే ముందు ఆయన రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడు. ప్రీఫైనల్ పేపర్లు దిద్దాలి, ముప్పై ఐదు మార్కులు కూడా రావనుకున్న పిల్లల్ని గట్టెక్కించాలి, స్టడీ అవర్ డ్యూటీ చేయాలి, యాప్‌లలో ఫొటోలు ఎక్కించాలి. నలభై మంది ముందు, పీరియడ్ మధ్యలో నీ 1001 వచ్చింది. ఆ నిమిషంలో దానికి చోటు లేదు.

అందుకే అడిగే తీరు మార్చి చూడమంటాను. ‘సార్, నాకు ఒలింపియాడ్ చెప్పండి’ అంటే ఆయన భయపడతాడు. నిజం చెప్పాలంటే ఒలింపియాడ్ లెక్కలు మాలో చాలామందికి రావు, అందులో సిగ్గుపడాల్సింది లేకపోయినా పిల్లల ముందు ఒప్పుకోవడం కష్టం. దానికి బదులు ఒక నోటుపుస్తకం పెట్టుకో. వారానికి ఒక లెక్క, నీకు తోచిన దారితో సహా, శుభ్రంగా అందులో రాయి. బుధవారం భోజనాల గంట అయ్యాక స్టాఫ్ రూముకెళ్లి, ‘సార్, మీకు తీరికైనప్పుడు ఇందులో తప్పుంటే గుర్తు పెట్టండి, శుక్రవారం తీసుకుంటాను’ అని ఇచ్చి వచ్చేయి. పది నిమిషాల పని. చూస్తారో లేదో నేను హామీ ఇవ్వలేను. రెండు మూడు వారాలు చూడకపోతే పక్క ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు ఎవరో కనుక్కో. వేరే బడి పిల్ల వెతుక్కుంటూ వచ్చిందంటే టీచర్లకు భలే ముచ్చటగా ఉంటుంది, ఇది అనుభవం మీద చెబుతున్నాను.

సపోర్ట్ అనే మాట నువ్వు ఉత్తరంలో పదకొండు సార్లు వాడావు. లెక్కపెట్టాను. ప్రతిసారీ అది ఏదో ఒక పెద్ద చెయ్యి వచ్చి మనల్ని ఎత్తుకుపోవడం లాగే ఉంది నీ మనసులో. నువ్వు చేరాలనుకుంటున్న కలకత్తా సంస్థ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) కాబట్టి, అక్కడ దాదాపు నలభై ఏళ్లు పనిచేసిన మన తెలుగాయన ఒకరి గురించి చెబుతాను. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, ప్రపంచమంతా సి.ఆర్.రావు అంటుంది. 1920లో పుట్టారు. పది మంది సంతానంలో ఎనిమిదో వాడు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడి చదువు, ఆపైన విశాఖపట్నం. 2023లో, నూట రెండేళ్ల వయసులో, స్టాటిస్టిక్స్‌లో నోబెల్ అంతటిదని చెప్పుకునే అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది కన్నుమూశారు. ఆయన తన పుస్తకం ఒకటి అమ్మగారికి అంకితమిస్తూ రాసుకున్న మాట ఏమిటో తెలుసా? చిన్నప్పుడు అమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనె దీపం వెలిగించి పెట్టేదట. లెక్కలు చెప్పిందని రాయలేదు. దీపం వెలిగించిందని రాశారు.

ఆయన తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు, మీ ఇల్లు అలాంటిది కాదు, నాకు తెలుసు. నేను చెప్పేది దీపం గురించే. నాలుగింటికి లేస్తున్నానని రాశావు. అందరూ పడుకునే గదిలో లైటు వేస్తే నాన్న విసుక్కుంటాడని వసారాలో చలిలో కూర్చుంటున్నానని కూడా రాశావు. అమ్మను అడగాల్సింది అదే. ‘ఐఎస్‌ఐకి పంపిస్తావా’ అని ఇప్పుడే అడగొద్దు, అదేమిటో ఆమెకు తెలియదు. ‘అమ్మా, వంటింట్లో లైటు వేసుకుని నాలుగు నుంచి ఆరు దాకా చదువుకుంటాను, ఆ రెండు గంటలు నన్ను పిలవొద్దు’ అని అడుగు. ‘నెలలో ఒక్కసారి నాన్న ఫోన్లో డేటా నాకు ఎక్కువ కావాలి’ అని అడుగు. అమ్మ ఇవ్వగలిగినవి ఇవి. ఇవ్వగలిగింది అడిగితే మనుషులు సాధారణంగా ఇస్తారు.

‘మనకెందుకే అంత పెద్ద చదువులు’ అన్న మాటను నువ్వు వద్దు అన్నట్టు విన్నావు. నాకు అందులో రెండు భయాలు వినిపించాయి. ఎంత ఖర్చవుతుందో తెలియని భయం ఒకటి. పిల్ల తెలియని ఊళ్లో ఒంటరిగా ఎలా ఉంటుందోనన్న భయం ఒకటి. రెండోదానికి కాలం కావాలి, అక్కను కూర్చోబెట్టి మాట్లాడించడం కావాలి. అక్క అత్తగారింట్లో ఉన్నా ఫోన్ ఉంటుంది కదా. ఇంటర్ చదివిన మనిషి చెబితే అమ్మ వినే తీరు వేరుగా ఉంటుంది. మొదటి భయానికి మాత్రం అంకెలే మందు, అవి నీ చేతిలో ఉన్నాయి. ఐఎస్‌ఐలో డిగ్రీ పిల్లలకు ఇంతవరకు ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా కొంత స్టైపెండ్ ఇస్తున్నారు. తిరుపతిలోనే ఐఐఎస్ఈఆర్ అనే కేంద్ర సైన్సు విద్యాసంస్థ ఉంది, 2015లో పెట్టారు, ఐదేళ్ల కోర్సు. అక్కడ ఫీజు ఉంటుంది. అయితే ఇంటర్ బోర్డులో పైన ఒక శాతంలో నిలిచి సైన్సు, లెక్కలు చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000. ఐఐటీల్లో ఇంటి ఆదాయం లక్ష లోపుంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, ఐదు లక్షల లోపుంటే మూడింట రెండొంతులు మాఫీ. హాస్టలు, మెస్సు వేరే. ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద తెలుగులో రాసి, పండగ పూట నాన్న తీరిగ్గా ఉన్నప్పుడు చదివి వినిపించు. వాదన పెట్టుకోకు. చదివి వదిలేయి.

స్వార్థమా అన్న ప్రశ్నకు వస్తాను. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాసి పాసయ్యానని ఒక్క ముక్కలో రాసి దాటేశావు. ఆ డబ్బు నాన్న వడ్డీకి కట్టేశాడని బ్రాకెట్లో పెట్టావు. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000. ఇప్పుడు మిరప కోతకు అమ్మకు రోజు కూలి ఎంత ఇస్తున్నారో కనుక్కుని, పన్నెండు వేలు ఎన్ని రోజుల కూలి అవుతుందో అమ్మ పక్కనే కూర్చుని లెక్కగట్టు. కూర్చుని లెక్కలు చేసి నువ్వు ఇంటికి తెచ్చిన సంపాదన అది. అలాగని ఆదివారాలు కోతకు వెళ్లడం పూర్తిగా మానేయమనను. కోతల కాలంలో ఇంటిల్లిపాదీ పనిలో ఉన్నప్పుడు ఒక్కరు పుస్తకం పట్టుకుని కూర్చుంటే, ఎంత మంచి కారణమైనా, ఇంట్లో ముళ్లు మొదలవుతాయి. ఆదివారం ఒక పూట వెళ్లు, ఒక పూట నీది. ముందే చెప్పి ఒప్పించుకో. వాతం వచ్చినట్టు మూలుగుతూ వెళ్లకు, ఆ పూట మనస్ఫూర్తిగా చెయ్యి.

ఎక్కడ చేరాలన్నది పెద్ద ముడి, కాస్త నిదానంగా విప్పుదాం.

హెడ్మాస్టరు గారు చెప్పిన ట్రిపుల్ ఐటీ తీసిపారేయాల్సింది కాదు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, నాలుగు క్యాంపస్‌లున్నాయి. పది మార్కుల మీదే సీటు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనం కలుపుతారు. రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిదే), నాలుగేళ్లు బీటెక్. ఒక్కసారి చేరితే ఆరేళ్లు ఇంట్లోవాళ్లు కాలేజీల చుట్టూ తిరగక్కర్లేదు, నాయనమ్మ పెళ్లి మాటకు ఆరేళ్ల అడ్డుకట్ట. మీ నాన్న దాని వైపు మొగ్గడంలో న్యాయముంది. పోయేది ఏమిటంటే, అది ఇంజనీరింగ్. నువ్వు రాసిన లాంటి లెక్కలు అక్కడ ఇంజనీరింగ్‌కు పనికొచ్చేంత వరకే ఉంటాయి. పీయూసీ అయ్యాక బయటికొచ్చి వేరే చోట చేరే వీలుంది, అలా వచ్చేవాళ్లూ ఉన్నారు. కానీ చుట్టూ అందరూ బ్రాంచి ఏది వస్తుందా అని చూస్తుంటే, నువ్వొక్కదానివే వేరే పరీక్షలకు చదవాలి. చదవగలవా అన్నది నీకే తెలియాలి.

ఆ కార్డు ఇచ్చి వెళ్లిన కాలేజీ మనిషి సంగతి. ఎంతమందిని చేర్పించాడన్న లెక్క మీద నడిచే ఉద్యోగం ఆయనది, కోప్పడి లాభం లేదు. మళ్లీ వస్తే నాన్న పక్కన నిలబడి నువ్వే అడుగు. సగం ఫీజు మొదటి ఏడాదికేనా, రెండేళ్లకా? హాస్టలు, మెస్సు అందులో కలిసే ఉన్నాయా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగిన రోజున ఇస్తారా? జవాబులు కాగితం మీద, ముద్ర వేసి ఇమ్మను. నోటిమాటకు అడ్వాన్సు కట్టొద్దని నాన్నకు గట్టిగా చెప్పు. అక్కడ చేరితే జేఈఈకి పద్ధతిగా తోముతారు, వేగం వస్తుంది, అది నిజం. కానీ తెల్లారకముందు మొదలై రాత్రి పది దాకా నడిచే ఆ టైంటేబుల్లో ఒకే లెక్క మీద రెండు రోజులు కూర్చునే వీలు ఉండదు. ఉత్తరంలో నీకు ఆనందం దొరికిన ఒక్క చోటు ఆ రెండు రోజులే కాబట్టి ఇది చెబుతున్నాను.

మూడోది, మీ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు, ఏపీఆర్‌జేసీ. ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీలు, చదువూ హాస్టలూ ఉచితం. ఎంపీసీకి ఇంగ్లీషు, లెక్కలు, ఫిజికల్ సైన్స్ మీద ప్రవేశ పరీక్ష ఉంటుంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఇందులో ఉన్న అసలు చిక్కు తేదీలది. దరఖాస్తులు సరిగ్గా మీ పబ్లిక్ పరీక్షల ప్రాంతంలో వస్తాయి, అందరూ టెన్షన్‌లో ఉండి మర్చిపోతారు. సి.ఆర్.రావు గారికి ఎమ్మే అయ్యాక ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రీసెర్చి స్కాలర్‌షిప్ రాకపోవడానికి కారణం కూడా దరఖాస్తు ఆలస్యం కావడమే. ఆయన ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అది రాక, అక్కడ ఐఎస్‌ఐ గురించి విని 1941లో చేరారు. ఆయన కథ మంచికే తిరిగింది. అందరిదీ తిరగదు. కాబట్టి ఒక పాత క్యాలెండరు వెనక పెద్దక్షరాలతో రాసి గోడకు తగిలించు. ఫిబ్రవరి చివరి నుంచి ప్రతి శనివారం మీ ఊరి నెట్ సెంటర్లోనో, బడి కంప్యూటర్లోనో నోటిఫికేషన్ వచ్చిందా అని చూడాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇప్పుడే సచివాలయంలో తీసి పెట్టుకో. ఆధార్‌లో, బడి రికార్డులో నీ పేరు ఒకే స్పెల్లింగుతో ఉందో లేదో కూడా చూడు. నవ్వొచ్చే సంగతిలా ఉంటుంది గానీ, తెలివైన పిల్లల సీట్లు ఒక్క అక్షరం తేడా దగ్గర ఆగిపోవడం నా కళ్లతో చూశాను.

నాలుగోది మండలంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీ. ఇంటి నుంచే వెళ్లి రావచ్చు, తీరిక దొరుకుతుంది. లెక్చరర్లు ఉంటే అదృష్టం, లేకపోతే నీకు నువ్వే. ఇంటి పనీ, పెళ్లి మాటలూ రోజూ ఎదురుగా ఉంటాయి. ఇక్కడ నీకు తెలియాల్సిన తిరకాసు ఒకటుంది. ఎన్‌ఎంఎంఎస్ డబ్బు ఇంటర్‌లో కూడా రావాలంటే పదిలో 60 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకు 55. అది నీకు లెక్క కాదు. కానీ ప్రైవేటు కాలేజీలో చేరితే అది ఆగిపోతుంది. తిండీ వసతీ ప్రభుత్వమే ఇచ్చే గురుకులంలో చేరినా ఆగిపోతుంది. మండల కాలేజీలో చేరితే, ఏటా పోర్టల్‌లో రెన్యువల్ చేయించుకుంటే, వస్తుంది. అంటే గురుకులం ఉచితమే అయినా ఇంటికి ఏటా వచ్చే పన్నెండు వేలు పోతాయి. నాన్న వడ్డీ లెక్కలో ఆ డబ్బు ముందే కలిపేసుకుని ఉంటాడు. ఈ మాట జూన్‌లో బయటపడితే గొడవవుతుంది, జనవరిలోనే చెప్పేయి. దానికి బదులు కొంతైనా పూడ్చుకోవడానికి విద్యాధన్ అనే స్కాలర్‌షిప్ ఉంది. పదిలో 90 శాతం వచ్చి, ఇంటి ఆదాయం రెండు లక్షల లోపున్న పిల్లలకు ఇస్తారు. ఫలితాలు రాగానే దరఖాస్తు పెట్టు.

నా మనసు అడిగితే గురుకులం సీటొస్తే అటు, రాకపోతే ట్రిపుల్ ఐటీ అంటాను. కానీ మీ నాన్న అప్పు ఎంతో నాకు తెలియదు, హాస్టల్లో నీ ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియదు. మీ ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాల్సింది ఇది. నాయనమ్మను మాత్రం ఈ మీటింగుకి పిలవకండి. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే చట్టం ఊరుకోదని, 1098కి ఫోన్ చేస్తే వచ్చి ఆపుతారని ఆవిడకు వేరేగా, మర్యాదగా చెప్పించు. మీ టీచరమ్మ ఎవరైనా చెబితే ఇంకా మంచిది.

ఇక ఒలింపియాడ్. మొదటి మెట్టు పేరు ఐఓక్యూఎం. ఎనిమిది నుంచి ఇంటర్ పిల్లల దాకా రాయొచ్చు. మూడు గంటలు, ముప్పై ప్రశ్నలు, ప్రతి జవాబూ వంద లోపు పూర్ణసంఖ్య. దరఖాస్తు వానాకాలంలో, పరీక్ష సెప్టెంబరు ప్రాంతంలో ఉంటుంది. ఈ ఏడాదిది అయిపోయింది. వచ్చే ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా రాయొచ్చు. అక్కణ్నుంచి రీజనల్, ఆపైన నేషనల్. ఆడపిల్లలకే వేరేగా యూరప్‌లో జరిగే ఒలింపియాడ్‌కు మన దేశం నుంచి నలుగురు వెళ్తారు. అంత దూరం ఇప్పుడే చూడకు. ముంబయిలోని హోమీ భాభా సెంటర్ వెబ్‌సైట్లో పాత పేపర్లు ఉచితంగా ఉన్నాయి. నెట్ సెంటర్లో రెండేళ్లవి ప్రింటు తీయించుకుంటే చాలు, ఏడాదికి సరిపడా పని.

పేపరు తెలుగులో ఉండదు. నీ భయం అదేనని రాశావు. మీ పాఠ్యపుస్తకంలో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు ఉంటుంది కదా, ఇన్నాళ్లూ తెలుగు పేజీయే చూసి ఉంటావు. ఇక నుంచి ముందు ఇంగ్లీషు పేజీ చదివి, అర్థం కానప్పుడే పక్క పేజీకి వెళ్లు. లెక్కల ఇంగ్లీషుకు కావాల్సిన మాటలు వంద దాటవు. ‘అట్ లీస్ట్ త్రీ’ అంటే మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ, ‘అట్ మోస్ట్ త్రీ’ అంటే మూడు దాటకూడదు. ‘డిస్టింక్ట్’ అంటే ఏ రెండూ ఒకటి కాకూడదు. ‘కన్సెక్యూటివ్’ అంటే వరసగా వచ్చేవి. ఇలాంటివి పుస్తకం చివరి పేజీలో నీ మాటల్లో రాసుకుంటూ పో. జేఈఈ మెయిన్ అయితే తెలుగులోనూ రాయొచ్చు, అడ్వాన్స్‌డ్ కుదరదు.

మార్చి దాకా మాత్రం ఒక్క విషయంలో మీ సార్ పక్షమే నేను. పైన చెప్పిన దారుల్లో చాలావాటికి పది మార్కులు కావాలి. సోషల్, హిందీ అంటే నీకు విసుగని తెలుస్తూనే ఉంది, ఆ సబ్జెక్టుల గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. నాలుగింటి నుంచి ఆరింటి దాకా అవే చదువు. ఒలింపియాడ్ లెక్క ఆదివారం ఒక్కపూట. ఏప్రిల్లో గురుకులం పరీక్ష అయ్యాక రెండు నెలలు ఎలాగూ నీవే.

ఇంత చేసినా ఐఎస్‌ఐ సీటు రాకపోవచ్చు. దేశమంతటి నుంచి పిల్లలు పోటీపడతారు, నగరాల్లో ఆరో తరగతి నుంచే కోచింగులుంటాయి. రాకపోతే ఏం చేయాలో ముందే తెలిస్తే భయం తగ్గుతుందని చెబుతున్నాను. చెన్నైలో సీఎంఐ అనే లెక్కల సంస్థ, తిరుపతి ఐఐఎస్ఈఆర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ల ఎమ్మెస్సీ ఉన్నాయి. అవీ రాకపోతే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్కలతో బీఎస్సీ చేసి, జామ్ అనే పరీక్ష రాసి ఐఐటీల్లో ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు, ఐఎస్‌ఐలో లెక్కల పీజీ అయిన ఎమ్‌మ్యాథ్‌కు అప్పుడు మళ్లీ రాయొచ్చు. పల్లెల్లోంచి వెళ్లిన నా పాత విద్యార్థుల్లో ఇద్దరు ఈ చివరి దారినే పోయారు. ఒకామె ఇప్పుడు డిగ్రీ కాలేజీలో చెబుతోంది. ఇంకొకతను మధ్యలో మానేసి బ్యాంకులో చేరాడు, బాగానే ఉన్నాడు, ఇప్పటికీ సెలవుల్లో లెక్కలు పంపిస్తుంటాడు నాకు.

శకుంతలాదేవి అని పిలిచేవాళ్లలో ఎవరో ఒకరికి నీ నోటుపుస్తకం మీద లోలోపల కుతూహలం ఉంటుంది. ఎవరో కనిపెట్టు. ఇద్దరుంటే నెట్ సెంటర్ ప్రింటు ఖర్చు సగమవుతుంది.

మూడంకెల సంఖ్యను రెండుసార్లు రాశావు. ఈసారి రెండంకెల సంఖ్యను మూడుసార్లు రాయి, 585858 లాగా. ఏయే సంఖ్యలతో ఎప్పుడూ భాగించబడుతుందో, ఎందుకో కనిపెట్టి, జవాబు మీ సార్‌కి ఒకటి, నాకు ఒకటి పంపు. పోస్టు ఖర్చు కోసం తిరుగు కవరు విడిగా పంపిస్తున్నాను.